నానీకి, ఆ డ్యాష్ బిట్ల గురించి

నానీ,

ఎలా ఉన్నావు నాన్నా? ఫోన్ చేస్తే "తర్వాత చేస్తా అమ్మా" అని మెసేజ్ పెడుతున్నావు, ఆ తర్వాత అనేది రావడం లేదు, అందుకే రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వెనక వరండా రేకులు మార్పించాం, మీ నాన్నగారికి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, శిరీష సీమంతం వచ్చే నెలలో. అన్నట్టు నిన్న గుడి దగ్గర కుమారి పిన్ని కనపడింది. వాళ్ల వంశీ నిన్ను అశోక్‌నగర్‌లో కలిశాడట కదా, నువ్వు స్టడీ హాల్‌కి వెళ్లడం లేదనీ, బ్యాంకు పరీక్షలకి ఇంగ్లిష్ నా వల్ల కాదు ఇంక వదిలేస్తానన్నావనీ చెప్పింది. నిజమా అని నేను అడగడం లేదు. తిండి వేళకి తింటున్నావా, అది చెప్పు ముందు.

రీజనింగ్, మ్యాథ్స్ అంత బాగా చేసి ఇంగ్లిష్ కటాఫ్ దగ్గర ఆగిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. 30 బిట్లు, 20 నిమిషాలు, అంటే బిట్టుకి 40 సెకన్లు. ఆ సెక్షన్ దాటకపోతే మిగతా రెండింట్లో ఎన్ని వచ్చినా లెక్కలోకి రావు, ఐబీపీఎస్ వాళ్లు పెట్టే బ్యాంకు పరీక్షల పద్ధతే అది. కానీ నువ్వు నాకు పంపిన మాక్ టెస్టు ఫొటోలు చూశానురా. నీకు మాటలు రాక మార్కులు పోవడం లేదు, తొందరపడుతున్నావు. ఖాళీలో సరైన మాట పెట్టే డ్యాష్ బిట్టు ఒకటి చూడు: "ఆల్దో హి వజ్ టైర్డ్, హి డ్యాష్ వర్కింగ్." స్టాప్డ్, అవాయిడెడ్, క్విట్, డిలేడ్, కంటిన్యూడ్ అని ఐదు ఇచ్చాడు. వర్కింగ్ ముందు ఐదూ అతుకుతాయి, గ్రామర్ తప్పు ఒక్కదానికీ లేదు. నువ్వు టైర్డ్ అన్నది చూసి స్టాప్డ్ పెట్టేశావు. ముందున్న ఆల్దో చదివావా? అలసిపోయినా సరే అని వాక్యం మొదట్లోనే చెప్పేశాడు, కంటిన్యూడ్ తప్ప ఇంకేదీ రాదక్కడ.

మీ పెద్ద మావయ్య బీఎస్సార్బీ బ్యాంకు పరీక్షకి చదివే రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేవాడు. అప్పట్లో అమ్మమ్మ వాళ్లింట్లో ఒకటే బల్బు, దాని కింద చాప వేసుకుని డిక్షనరీ బట్టీ పట్టేవాడు, తాతయ్య ఎంత తిట్టినా వినేవాడు కాదు. అన్నం తింటూ కూడా కష్టమైన మాట ఒకటి చెప్పి అర్థం అడిగేవాడు నన్ను. అయినా డ్యాష్ బిట్లు సగం పోయేవి. ఊళ్లో పోస్టుమాస్టరు గారొకాయన ఉండేవారు, సాయంత్రం అరుగు మీద కూర్చుని మావయ్య చేసిన పేపరు చూసి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆప్షన్ల మీద పెట్టేశారు. "ఇప్పుడు చదువు, చివరిదాకా చదివి నీ నోటికి ఏ మాట వస్తే అది చెప్పు" అన్నారు. మావయ్య చెప్పిన మాట చాలాసార్లు అగ్గిపెట్టె కింద ఉండేది, లేకపోతే దాని చుట్టం ఒకటి ఉండేది. ఆ ఎండాకాలమంతా అదే పని. హిందూ పేపర్లో కూడా ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివేవాడు. పక్క మాటలు చూసి ఇది ఉండాలి అని చెప్పి అప్పుడు వేలు తీసేవాడు. మరుసటి ఏడాది క్లర్కు ఉద్యోగం వచ్చింది, మొదటి జీతంతో అమ్మమ్మకి మిక్సీ కొన్నాడు, ఆ సంగతి నీకు వందసార్లు చెప్పాడు. నువ్వూ స్క్రీన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే చెయ్యి. అన్నట్టు కళ్లజోడు పవరు చూపించుకున్నావా?

మన పిల్లలకి ఇంకో చిక్కుంది, తెలుగులో అనుకుని రాస్తారు. రెండేళ్ల నుంచి అన్నా, 2015 నుంచి అన్నా మనకి నుంచి ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్. కాఫీ కంటే టీ ఇష్టం అనుకుని ప్రిఫర్ పక్కన దాన్ పెట్టేస్తారు, టు రావాలి. డిస్కస్ పక్కన అబౌట్ అసలక్కర్లేదు. డ్యాష్ తర్వాత ది హెవీ రెయిన్ అని ఊరికే పేరు మాత్రమే ఉంటే డిస్పైట్, ఇట్ వజ్ రెయినింగ్ అని క్రియతో సహా ఉంటే ఆల్దో. ఇవి పదోక్లాసులో నేను చెప్పినవే, నువ్వు రెండో బెంచీలో కూర్చుని విన్నవే. తప్పుకి పావు మార్కు పోతుందని భయపడి అన్నీ వదిలెయ్యకు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే మిగతా మూడింట్లో ఒకటి పెట్టు, లాభమే. ఏమీ తోచకపోతేనే వదిలెయ్. తప్పు పోయిన బిట్లు ఒక నోట్సులో వాక్యం మొత్తం రాసుకో, ఒక్క మాట రాసుకుంటే ఉపయోగం లేదు.

చెప్పకూడదనుకుంటూనే పాఠం మొదలెట్టాను కదా, సరే. వదిలేస్తానని నిజంగానే అన్నావా? అన్నా నిన్ను కోప్పడను, మీ నాన్నగారికి ఇంకా చెప్పలేదు. ఆయనకి తెలియదనుకుంటా గానీ రాత్రి రెండుసార్లు "వాడు ఫోన్ చేశాడా" అని అడిగారు. స్టడీ హాల్ ఫీజు కట్టలేక మానేస్తే మాత్రం దాచకు, ఈ నెల పింఛను పడింది.

శుక్రవారం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాజు బాబాయి వస్తున్నాడు. సున్నుండలు, గోంగూర పచ్చడి, నీ నీలం దుప్పటి ఇచ్చి పంపుతున్నాను. పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచకు, సీసాలోకి తీసుకో. శనివారం పొద్దున్న ఏడింటికి స్టేషన్‌లో ఉండు, బాబాయి ఫోన్ అయినా ఎత్తు.

అమ్మ