మన ఎమ్మెల్యేలు సభలో అడగాల్సిన లెక్క

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరితే మన జిల్లా పేజీల్లో రెండు వార్తలు పక్కపక్కనే వస్తాయి. ఒకటి, నీళ్లు రాక ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఊరు. రెండోది, సమస్య పరిష్కరించాలని మంత్రికి వినతిపత్రం ఇస్తున్న ఎమ్మెల్యే ఫొటో. ఆ వినతిపత్రం ఏ ఫైల్లోకి వెళ్లిందో తర్వాత ఎవరికీ తెలియదు. అదే విషయాన్ని శాసనసభలో ప్రశ్నగా వేస్తే, దాన్ని స్పీకర్ అనుమతిస్తే, శాఖ జవాబు రాసివ్వాలి. ఆ జవాబు రికార్డుల్లో ఉండిపోతుంది. తెలిసి తప్పుడు సమాధానం ఇస్తే సభా హక్కుల ఉల్లంఘన కింద నిలదీయవచ్చు.

2024 ఎన్నికల్లో ఉమ్మడి అనంతపురంలోని 14 స్థానాలూ అధికార కూటమికే దక్కాయి. గెలిచినవారిలో ముగ్గురు మంత్రులయ్యారు. మంత్రులు సభలో జవాబు చెప్పేవారే కానీ ప్రశ్న వేసేవారు కాదు. ప్రతిపక్షం సభకు రాకపోవడం మీద ఎంతైనా చర్చించవచ్చు, దానివల్ల మన ఊరికి నీళ్లు రావు. మిగిలిన 11 మంది కూడా 'సొంత ప్రభుత్వం కదా' అని మొహమాటపడితే శాసనసభలో ఈ ప్రాంతం తరఫున అడిగేవారే ఉండరు. ప్రశ్నోత్తరాల గంట అన్ని పక్షాల సభ్యులదీ.

అడిగే తీరులోనూ లోపం ఉంది. 'అనంతపురం జిల్లాలో తాగునీటి ఎద్దడి తీవ్రంగా ఉన్న మాట వాస్తవమేనా. అయినచో తీసుకుంటున్న చర్యలేమిటి?' ఇలాంటి ప్రశ్నకు శాఖ రెండు ముక్కల్లో జవాబిస్తుంది: (అ) లేదండి. (ఆ) ఉత్పన్నం కాదు. మొదటి భాగాన్ని కాదంటే రెండో భాగానికి జవాబే అక్కర్లేదు. 'వాస్తవమేనా' అని మొదలుపెట్టడమంటే తప్పించుకునే దారి మనమే చూపించడం. తేదీ, అంకె, పథకం పేరు ఉన్న ప్రశ్నకు 'లేదండి' అనడం కుదరదు.

పెన్నహోబిలం రిజర్వాయర్ నుంచి నీళ్లు తీసుకునే సమగ్ర రక్షిత మంచినీటి పథకాలనే తీసుకుందాం. ఒక్కో పథకం మీద వందల ఊళ్లు ఆధారపడ్డాయి. సభ్యుడు ఒక్క పథకాన్ని ఎంచుకుని ఇలా అడగాలి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏటా నిర్వహణ ఒప్పందం విలువ ఎంత, విడుదలైంది ఎంత, నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీకి చెల్లించింది ఎంత? జనవరి 31 నాటికి పెండింగ్ బిల్లులు ఎన్ని, వాటిలో అన్నిటికంటే పాతది ఏ నెలది? పంపు ఆపరేటర్లకు, లైన్‌మన్లకు ఏ నెల వరకు జీతాలు అందాయి, పీఎఫ్ జమ అయిందా? ఒక్కో పంప్‌హౌస్‌లో బిగించిన మోటార్లు ఎన్ని, ఆ తేదీన నడుస్తున్నవి ఎన్ని? రోజుకు ఎన్ని లక్షల లీటర్లు ఇవ్వాలని కట్టారు, ఇప్పుడు ఇస్తున్నది ఎంత?

మోటార్ల ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. అసలు సంగతి బయటపడేది అక్కడే. నడిచే మోటారు కాలితే వైండింగ్‌కు పంపాలి. మెకానిక్‌కు డబ్బివ్వాల్సింది ఏజెన్సీ. ఏజెన్సీకి నెలల తరబడి బిల్లు రాకపోతే ఆ మోటారు షెడ్డులోనే పడి ఉంటుంది. స్టాండ్‌బైగా ఉంచిన మోటారు రాత్రింబవళ్లు నడిచి నడిచి అదీ కాలిపోతుంది. పైపులైను చివరనున్న ఊళ్లకు ఆ రోజు నుంచి నీళ్లుండవు. అధికారులు 'సాంకేతిక లోపం' అని రాస్తారు. మూలం మాత్రం ఆగిపోయిన బిల్లు. జీతాలు అందక కార్మికులు పంపులు ఆపినా కథ ఇదే.

ఇక డబ్బు సంగతి. ఒక పనికి ముందు పరిపాలనా అనుమతి వస్తుంది. ఆ తర్వాత బడ్జెట్ కేటాయింపు, విడుదల ఉత్తర్వు, పని, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) నమోదు, సీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో బిల్లు, పే అండ్ అకౌంట్స్ కార్యాలయం పరిశీలన. చెల్లింపు అన్నిటికంటే చివర. మంత్రి 'రూ.ఇన్ని కోట్లు మంజూరు చేశాం' అన్నారంటే మొదటి మెట్టు దాటారని మాత్రమే అర్థం. జవాబు విన్న వెంటనే దాని మీద వేయాల్సిన అనుబంధ ప్రశ్న ఒకటే: అందులో చెల్లించింది ఎంత, ఏ తేదీ వరకు?

బడ్జెట్‌లో ఒక్కో రకం ఖర్చుకు ఉండే పద్దు నంబరు తెలియకపోతే ఇంకోచోట దెబ్బతింటాం. తాగునీరు, పారిశుద్ధ్యం కింద నిర్వహణ ఖర్చు 2215 ప్రధాన పద్దులో ఉంటుంది, కొత్త ట్యాంకులు, పైపులైన్ల వంటి పెట్టుబడి ఖర్చు 4215లో ఉంటుంది. సభ్యుడు నిర్వహణ గురించి అడిగితే శాఖ 4215లోని కోట్లు చదివి వినిపిస్తుంది. వినేవారికి రెండూ నీళ్ల డబ్బులే. కొత్త పైపు వేసినంత మాత్రాన పాత మోటారు తిరగదు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి, కాబట్టి కొళాయిలు ఎన్ని బిగించారన్నది కాక, 55 లీటర్లు అందుతున్న ఇళ్లు ఎన్ని అని అడగాలి.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతానికి షరతులున్నాయి, అందులో సగం తాగునీటి కోసమే. కేంద్రం నుంచి వచ్చిన 10 పనిదినాల్లో రాష్ట్రం ఆ డబ్బును స్థానిక సంస్థలకు జమ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. వచ్చిన తేదీ, జమ చేసిన తేదీ, చెల్లించిన వడ్డీ: ఈ మూడూ అడిగిన సభ్యుడికి దాటవేత జవాబు ఇవ్వడం కష్టం.

అంకెలు కావాలంటే నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేసుకోవాలి. జవాబు అనుబంధ పట్టికతో సహా రాతపూర్వకంగా వస్తుంది. కారణాలు రాబట్టాలంటే నక్షత్ర గుర్తు ప్రశ్న కావాలి, ఎందుకంటే మౌఖిక సమాధానం ఉన్నచోటే అనుబంధ ప్రశ్నకు వీలుంటుంది. తెలిసినవారు ముందు మొదటిదానితో లెక్కలు రప్పించుకుని, తర్వాతి సమావేశాల్లో రెండోదానితో నిలదీస్తారు. జిల్లా మొత్తానికి పదేళ్ల వివరాలు అడిగితే 'సమాచారం సేకరిస్తున్నాం' అనే జవాబే వస్తుంది. మంత్రి ఇచ్చిన మాట నెలలు గడిచినా నెరవేరకపోతే ప్రభుత్వ హామీల కమిటీకి రాయవచ్చు. ఈ కమిటీని మన సభ్యులు దాదాపు మరిచిపోయారు.

బడ్జెట్ పుస్తకంలో చాలామంది కొత్త అంచనా ఒక్కటే చూస్తారు. దాని పక్కనే ఈ ఏటి సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ లెక్క ఉంటాయి. 2025-26కు రూ.3,22,359 కోట్ల బడ్జెట్ పెట్టారు. అంత పెద్ద సంఖ్య మీద ప్రసంగించడం తేలిక. ఒక్క పద్దు కింద అంచనాకు, వాస్తవానికి మధ్య తేడా పట్టుకోవడానికి ఓపిక కావాలి. వాస్తవ ఖర్చును కూడా అలాగే నమ్మకూడదు. సొమ్మును పీడీ ఖాతాకు (ఖజానాలో అధికారి పేరిట ఉండే వ్యక్తిగత డిపాజిట్ ఖాతాకు) మార్చినా లెక్కల్లో ఖర్చయినట్లే పడుతుంది, పని మాత్రం మొదలై ఉండదు. ఆ ఖాతాలో మార్చి 31న నిల్వ ఎంత అని అడగాలి.

అంకెతో అడిగిన ప్రశ్నకు బలం ఎలా ఉంటుందో మన జిల్లావారికి తెలియంది కాదు. ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే సభా కమిటీ అయిన ప్రజా పద్దుల సంఘం అధ్యక్షుడిగా ఉండగా, రూ.41 వేల కోట్ల చెల్లింపుల్లో నిబంధనలు పాటించలేదని 2021 జులైలో గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం తోసిపుచ్చింది, కానీ వివరణ ఇవ్వక తప్పలేదు. ఇప్పుడు ఆయనే ఆర్థిక మంత్రి. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు చాలాసార్లు సమావేశాల చివర్లోనే సభ ముందుకొస్తాయి. ఆ రోజు చర్చకు సమయం లేకపోయినా, అందులో మన జిల్లా పేరున్న పేరాలు తీసి తర్వాతి సమావేశాల్లో ప్రశ్నలుగా వేయడానికి అడ్డేమీ లేదు.

పత్రికగా మీరు చేయగల పని ఒకటుంది. ప్రతి సమావేశాల తర్వాత ఉమ్మడి జిల్లా సభ్యులు వేసిన ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్లుగా జిల్లా పేజీలో వేయండి. ఒక్క ప్రశ్నా వేయనివారి పేర్లు కూడా పక్కనే ఇవ్వండి. రాబోయే బడ్జెట్ సమావేశాలతోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– విశ్రాంత డివిజనల్ అకౌంట్స్ అధికారి, అనంతపురం