ఆ మంగళవారం నీకు సెలవేనా?

చీరాల,
ఆదివారం రాత్రి

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలు కాస్త పరవాలేదు, మెట్లు ఎక్కొద్దంటే వినదు గాని. మూడు వారాలుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ‘బిజీ నాన్నా’ అని ఒక ముక్క పెట్టి ఊరుకుంటున్నావు. అందుకని కాగితం తీశాను. పై వాటా కుర్రాడు దీన్ని ఫోటో తీసి నీకు పంపుతానన్నాడు. విశేషమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను. మాంచెస్టర్ నుంచి వచ్చి దాదాపు రెండు నెలలైనా ఆ ఊరు నా తలలోంచి పోవడం లేదు. ఇక్కడ ఎవరితో చెప్పినా ఫుట్‌బాల్ అంటారు.

ఆ వానను అక్కడ అందరూ తిడతారు, నువ్వూ తిట్టావు. నాకు మాత్రం ఆ తేమగాలి మొహానికి తగలగానే హాయనిపించింది. పొడిగాలికి పోగు తెగుతుంది. మీ తాతయ్య ఎండాకాలం మగ్గం గుంట చుట్టూ నీళ్ళు చిలకరించేది అందుకే. మాంచెస్టర్ నూలు మిల్లుల వాళ్ళకు ఆ పని ఆకాశమే చేసి పెట్టింది. పైగా 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తవ్వి గనుల నుంచి బొగ్గు పడవల మీద తెచ్చేసరికి ఊళ్ళో బొగ్గు ధర సగానికి పడిపోయిందట. తర్వాత 1830లో లివర్‌పూల్‌కి రైలు. ఆ పాత స్టేషన్ ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశావు, మంగళవారం పొద్దున. ఆ రైలు మొదలుపెట్టిన రోజే హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు ఇంజను కింద పడి పోయాడని చెప్పావు గుర్తుందా? మీ ఊళ్ళో ట్రాములు చప్పుడు చేయకుండా వస్తాయి. చెవుల్లో అవి పెట్టుకుని పట్టాలు దాటకు.

మొన్న పెళ్ళిలో రాజేశ్వరి అత్తయ్య కలిసింది. లీడ్స్‌లో ఉన్న వాళ్ళ వెంకట్ చెప్పాడట, మీ కంపెనీలో చాలామందిని తీసేశారని. నేను పట్టించుకోలేదు. అత్తయ్య సంగతి నీకు తెలియనిదా, మీ బావ నిశ్చితార్థం అప్పుడు ఏం చేసిందో.

బుధవారం స్టైల్ అనే ఊళ్ళో ఆ క్వారీ బ్యాంక్ నూలు మిల్లు. 1784లో శామ్యూల్ గ్రెగ్ ఏటి ఒడ్డున కట్టించి, ఆ నీటితోనే చక్రం తిప్పి నడిపించింది. లోపల మగ్గం నడిపి చూపించిన పెద్దాయన గుర్తున్నాడా, చెవిలో మిషను పెట్టుకున్నాయన? ఆయన ఒక్క మగ్గం వేశాడంతే, నా కాళ్ళ కింద నేల అదిరింది. అలాంటివి వందల కొద్దీ ఒకేసారి ఆడే షెడ్లలో ఇక మాటేం వినిపిస్తుంది? ఆడవాళ్ళు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్ళట. నేను వీడియో కాల్ చేయమని పోరేదీ అందుకే. నువ్వు చెప్పకపోయినా మొహం చూస్తే నాకు తెలుస్తుంది.

తర్వాత ఆయన పోగును అటూ ఇటూ మోసే నాడె తీసి నా చేతిలో పెట్టాడు. మన నాడె కంటే బరువు, రెండు కొసలకూ ఇనుప ముక్కులు, పక్కన పోగు బయటికొచ్చే చిన్న కన్నం. నూలు చుట్టిన కొత్త కండె పెట్టినప్పుడల్లా ఆ కన్నానికి నోరు పెట్టి పోగును పీల్చి లాగేవాళ్ళట. దాన్ని నాడెను ముద్దాడటం అనేవాళ్ళని చెప్పి ఆయన నవ్వాడు. ముద్దేమిటి, నూలు దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి, ఒకరి జబ్బు ఇంకొకరికి. నాకు మీ తాతయ్య దగ్గు వినిపించినట్లయింది.

సరిగ్గా అప్పుడే పడుగులో పోగు తెగింది. ఆయన కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటుంటే నేను అడ్డం కట్టిన తాడు దాటి వెళ్ళిపోయాను. ‘నాన్నా, ముట్టుకోకూడదు’ అంటూ చొక్కా పట్టి లాగావు. పన్నెండేళ్ళు గుంటలో కూర్చున్న చేతులమ్మా, ఊరుకుంటాయా? కొసలు రెండూ బొటనవేలి మీద అడ్డంగా పెట్టి, చుట్టు తిప్పి, ముడి బిగించి, మిగిలింది పంటితో కొరికేశాను. ఆయన ఆ ముడిని వేలితో తడిమి చూశాడు. జేబులోంచి నూలు ముక్క తీసి తన ముడి వేసి నా ముందు పెట్టాడు. రెండూ ఒకటే ముడి! మీ తాతయ్య బతికినన్నాళ్ళూ సీమ గుడ్డ ముట్టలేదు, మాంచెస్టర్ పేరు చెబితే ఉమ్మేసేవాడు. ఆయన మగ్గం మీద నూలు మాత్రం మిల్లుదే, అది వేరే సంగతి. ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడో నువ్వు నాకు చెప్పలేదు. ఫోన్ చూసుకుంటున్నావు. సెలవులో ఉన్న మనిషికి పొద్దున పదకొండింటికి ఆఫీసు వాళ్ళు అన్ని మెసేజ్‌లు పెడతారా?

ఆ మిల్లులో పనికి పెట్టిన పేద పిల్లల ఇల్లు కూడా చూశాం కదా. 1806లో థామస్ ప్రీస్ట్‌లీ అని 13 ఏళ్ళవాడు, మిషన్లో వేలు పోయాక, ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని లండన్‌కు పారిపోయాడు. ఎందుకంటే అమ్మను చూడాలని. రైళ్ళు లేని కాలం. నీ చేతిలో ఫోన్ ఉంది.

గురువారం రాయల్ ఎక్స్ఛేంజ్, ఒకప్పుడు పత్తి బేరాలు జరిగిన చోటు. ఇప్పుడు అందులో నాటకాలు వేస్తున్నారు. 1968లో ఆఖరి రోజు పత్తి ధరలు పైన బోర్డు మీద అలాగే ఉంచారు. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడ్డాను. నువ్వు ‘ఆఫీసు కాల్’ అని బయటికి వెళ్ళి పావుగంటకు వచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జలుబన్నావు.

లింకన్ విగ్రహం దగ్గర నువ్వు చెప్పిందీ మరిచిపోలేదు. 1861లో అమెరికాలో యుద్ధం వచ్చి పత్తి ఓడలు ఆగిపోతే లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. లక్షలమంది వీధిన పడ్డారు. సూరత్ పత్తి తెప్పించి ఇస్తే మాటిమాటికీ తెగుతోందని మన పత్తిని తిట్టిపోశారట, అది మాత్రం నాకు నచ్చలేదు. అంత కరువులోనూ మాంచెస్టర్ కార్మికులు బానిసత్వం పోవాల్సిందేనని 1862 డిసెంబరు 31న లింకన్‌కు ఉత్తరం రాశారు. జనవరి 19న ఆయన జవాబు రాశాడు. యుద్ధం నెత్తిన పెట్టుకున్న మనిషికి మూడు వారాల్లోపు తీరిక దొరికింది తల్లీ.

ఉపన్యాసం చెప్పను. ఒక్కటే మాట. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీ ఇచ్చే కంపెనీని, చూసుకోవాలని వెంకట్ అన్నాడట. నేనేమీ వేళ్ళ మీద లెక్కపెట్టడం లేదు. డబ్బు కావాలంటే పోస్టాఫీసులో వేసింది ఉంది, నీ పెళ్ళికని మీ అమ్మ అంటుంది, ఆ మాట పట్టించుకోకు. అన్నం మానకు. హీటరు ఆపి కూర్చోకు.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా నేను లెక్కలు రాసే కొట్టు మూసేశారు. మీ అమ్మకు చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని వాడరేవు బస్సెక్కి, సముద్రం ఒడ్డున తిని, సాయంత్రం ఇల్లు చేరేవాణ్ణి. నాలుగు నెలలు. చివరికి క్యారేజీ మూతలో ఇసుక చూసి కనిపెట్టింది. ఏమీ అనలేదు, మర్నాటి నుంచి క్యారేజీ కట్టడం మానేసి అన్నం ఇంట్లోనే పెట్టింది.

మీ అమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి, నువ్వుండలు కట్టి పంపిన పార్సెల్ నిన్న వెనక్కి వచ్చింది. ఆ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ లేరని రాసి ఉంది. మీ అమ్మ చూడకముందే కాగితం చింపేసి, కొరియరు వాళ్ళు తడిపేశారని చెప్పాను. పచ్చడి చెడలేదు, మళ్ళీ కట్టించాను. ఏ అడ్రసుకు పంపమంటావు?

నాన్న