కాటన్ కాలువల మీద ఒక్క లాకునైనా పనిచేసే స్థితిలో ఉంచాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

గోదావరికి వరద వచ్చిందంటే రాజమహేంద్రవరం, కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పిల్లాపాపలతో ధవళేశ్వరం బ్యారేజీ మీదికి బయలుదేరడం మా ప్రాంతంలో ఆనవాయితీ. వంతెన మీద బళ్లు ఆపి, ఎర్రనీటి ఉరవడి చూసి, ఫొటోలు దిగి, చీకటి పడేలోగా ఇళ్లకు చేరుకుంటారు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి పది లక్షల క్యూసెక్కులు సముద్రానికి వెళ్తుంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర 13 లక్షలకు రెండోది, 17.75 దగ్గర 17 లక్షలకు మూడోది అని ఏటా టీవీల్లో వింటూనే ఉంటాం. కానీ ఆ అంకెలకు అర్థమేమిటో, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, ఎప్పుడు దించుతారో పక్కన నిలబడి పిల్లలకు చెప్పే మనిషి ఎవరూ ఉండరు. ఇంత నీరు వస్తే జలాశయం ఎక్కడుందని అడిగే పెద్దవాళ్లనూ చూశాను. ధవళేశ్వరం దగ్గర నిలవుండేది మూడు టీఎంసీల లోపేనని, నీళ్లను దాచుకోవడానికి కాక, మట్టం పెంచి మూడు డెల్టాల కాలువల్లోకి మళ్లించడానికే దాన్ని కట్టారని తెలిస్తే వాళ్లకు ఆ అనుమానం రాదు.

ఈ విషయం మీ పత్రిక ద్వారా జలవనరుల శాఖ, పర్యాటక శాఖ పెద్దల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను అడిగేది కొత్త విగ్రహం కాదు, పార్కు కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ నాటి కాలువల మీద, పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల తొట్లు ఉన్నాయి. లాకులనే ఆ తొట్లలో ధవళేశ్వరానికి దగ్గరలోని ఒకదాన్ని మరమ్మతు చేసి, అందులోంచి నిజంగా పడవ నడిపి, జనానికి చూపించాలి.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం మెచ్చుకోదగ్గ ప్రయత్నం. ఆనకట్ట పని నాటి సంగతులు, పాత ఫొటోలు, పటాలు, నమూనాలు అక్కడ ఓపికగా చూస్తే చాలా తెలుస్తుంది. 1833 నాటి డొక్కల కరువు తర్వాత ఈ ప్రాంతం ఎంత చితికిపోయిందో, 1847లో మొదలుపెట్టిన ఆనకట్టను 1852 నాటికి ఎలా పూర్తిచేశారో, ఆ పనిలో వీణెం వీరన్న వంటి మన వాళ్ల చెయ్యి ఎంత ఉందో పిల్లలు తెలుసుకోవాల్సిందే. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన ఇప్పటి బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉందని, మొత్తం 175 గేట్లని చెప్పడమూ అవసరమే. అయితే ఇవన్నీ కట్టడం గురించిన సంగతులు. కాటన్ తన కాలువలను పొలాలకు నీళ్లిచ్చే బోదెలుగా మాత్రమే తలచలేదు. సరుకుకైనా మనుషులకైనా రైలు కంటే నీటి దారే చవకని ఆయన జీవితాంతం వాదించాడు. అందుకే ప్రధాన కాలువలను పడవలు నడిచేలా తవ్వించి, మట్టం మారే చోటల్లా లాకులు కట్టించాడు. కాకినాడలో ఎక్కించిన సరుకు ధవళేశ్వరం దగ్గర గోదావరిని దాటి, విజ్జేశ్వరం, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, అక్కణ్ణుంచి కృష్ణా కాలువలో బెజవాడకు, ఆపైన బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసుకు వెళ్లిన రోజులున్నాయి. గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని గూటిపడవలు లాగడం మా తరం వాళ్లలో కొందరైనా చూసి ఉంటారు. ఇప్పటి పిల్లలకు లాకులంటే బస్సు ఆగే చోటు. లొల్ల లాకులంటే సినిమా షూటింగులు గుర్తొస్తాయి. ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వస్తూ దారిలో అక్కడ కాసేపు ఆగే కుటుంబాలకు లోటు లేదు గానీ, ఆ రాతి గోడల మధ్య ఒకప్పుడు పడవలు ఎక్కేవి, దిగేవి అని ఎంతమంది తమ పిల్లలకు చెప్పగలరు?

నిజానికి లాకు పనితీరు అయిదో తరగతి పిల్లవాడికి కూడా తేలిగ్గా అర్థమవుతుంది. డెల్టా నేల సముద్రం వైపు మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున వాలుతుంది కనుక కాలువను మెట్లుమెట్లుగా దించాలి. మెట్టు ఉన్న చోట రెండు జతల తలుపుల మధ్య రాతితో ఒక తొట్టి కడతారు. ఎగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలో ఆగగానే దాని వెనక తలుపులు మూసి, దిగువ వైపున్న చిన్న షట్టర్లు ఎత్తుతారు. నీరు జారిపోతూ ఉంటే పడవ కూడా దానితోపాటే దిగుతుంది, గోడల మీద తడి చార అంతకంతకూ వెడల్పవుతుంది. లోపలి నీరు, బయటి నీరు ఒక మట్టానికి వచ్చాకే దిగువ తలుపులు తెరుచుకుంటాయి. అంతకుముందు పదిమంది కలిసి తోసినా కదలవు. మూసినప్పుడు రెండు రెక్కలూ ఎగువ వైపుకు మొనదేలి ఒకదానికొకటి ఆనుకుంటాయి కాబట్టి, ఎగువ నీరు ఎంత నెడితే అంత బిగుసుకుంటాయి. ఇందులో మోటారు లేదు, పంపు లేదు. ఈ సంగతిని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం వేరు, గట్టు మీద నిలబడి ఒక్కసారి చూడడం వేరు.

ఆ తేడా నాకు మిసిసిపీ నది ఒడ్డున తెలిసింది. మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని సెయింట్ లూయిస్ దగ్గర ఉంటోంది. అక్కడికి వెళ్లినప్పుడు నన్నూ, నా భార్యనూ, మనవల్నీ ఇలినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్ ఊరి దగ్గరున్న మెల్విన్ ప్రైస్ లాకులకు తీసుకెళ్లారు. సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం నడిపే ఆ లాకులకు ఆనుకునే నదుల మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం. మ్యూజియం చూశాక ఒక గైడు మమ్మల్ని లాకు మీదికే నడిపించుకుని వెళ్లి, కమ్మీల వెనక నిలబెట్టాడు. పెద్ద తొట్టి పొడవు 1,200 అడుగులు, వెడల్పు 110 అడుగులు. ఒకే టగ్గు (నెట్టే పడవ) ముందు మూడేసి వరసగా కట్టిన పదిహేను బార్జీలు (సరుకు పడవలు) అందులోకి అంగుళాల లెక్కన దూరాయి. వాటి మీది సరుకు రోడ్డెక్కితే సుమారు వెయ్యి లారీలు కావాలట. నీరు పెరుగుతున్నంతసేపూ మా చిన్న మనవడు కిందికి వంగి చూసి, "తాతయ్యా, మోటారు చప్పుడు రావడం లేదేమిటి?" అని అడిగాడు. గైడు వాడి ప్రశ్న విని, తొట్టి అడుగున ఉన్న కాలువ దారులను పటం మీద చూపించి, ఎగువ నీటి బరువే పని చేస్తోందని వివరించాడు. వాడికి అర్థమైపోయింది. మిన్నియాపోలిస్ నుంచి ఆ ప్రాంతం దాకా ఎగువ మిసిసిపీ మీద 29 చోట్ల ఇలాంటి లాకులు, అడ్డుకట్టలు ఉన్నాయి. కొన్నిటి దగ్గర సందర్శకుల కోసం ఏర్పాట్లు చేశారు. ఆ దేశంతో మనకు పోలికేమిటని కొందరు అనవచ్చు. సొమ్ములో పోలిక లేని మాట నిజమే, కాని వాళ్లు అక్కడ చూపిస్తున్న సూత్రం మన డెల్టాలో నూట డెబ్బై ఏళ్లుగా రాతిలో ఉంది.

తర్వాత ఆ పిల్లలు సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు మా ప్రాంతపు లాకు ఒకదాని దగ్గరికి తీసుకెళ్లాను. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే చాలా లాకుల పరిస్థితి అదే. ఒక జత తలుపులు లేనే లేవు, ఉన్న జతకు కింది భాగం తుప్పు తినేసింది. తొట్టి నిండా గుర్రపుడెక్క, దాని మీద ప్లాస్టిక్ సీసాలు. అయినా తలుపు కూర్చునే రాతి మూల, తాళ్లు రాసుకుని రాసుకుని గోడ అంచున పడిన నున్నటి గాళ్లు చెక్కుచెదరలేదు. మనవడు ఆ గాళ్లలో వేళ్లు పెట్టి చూశాడు. ఆ రాళ్లను పేర్చిన మేస్త్రీల పనితనాన్ని ఏ ఫొటో చూపించగలదు?

ఖర్చు మాటకొస్తే, కాలువల ఆధునికీకరణ పనులు ఏళ్ల తరబడి జరుగుతూనే ఉన్నాయి. పనుల్లో భాగంగా పాత కట్టడాలను పగలగొట్టి కాంక్రీటు పోసేముందు, ఒక్క లాకుకు రెండు జతల తలుపులు కొత్తగా చేయించి బిగించడం శాఖకు పెద్ద భారం కాదు. పైగా కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ మార్గం ఎప్పటికైనా పూర్తిగా తెరుచుకుంటే లాకులు మళ్లీ కావాలి, నడిపేవాళ్లూ కావాలి. ఇవాళ ఆ పని తెలిసినవాళ్లు పదవీ విరమణ చేసిన లస్కర్లే, అంటే కాలువల తలుపులు తీసి మూసే సిబ్బందే. తలుపు ఎప్పుడు తెరవాలో నీటి చప్పుడు విని చెప్పగలిగిన మనుషులు వాళ్లు. వాళ్లలో ఓపిక ఉన్న కొందరిని గౌరవ వేతనంతో గైడ్లుగా పెట్టుకుంటే, వాళ్ల అనుభవం వాళ్లతోనే పోకుండా ఉంటుంది.

సాగునీటి అవసరం ముందు ఈ వేడుకలెందుకని రైతు సోదరులు సందేహించనక్కరలేదు. పడవ దిగేటప్పుడు తొట్టిలోంచి పోయే నీరు ఎటూ పోదు, అదే కాలువలో దిగువకు వెళ్లి పొలాలకే చేరుతుంది. భద్రత విషయంలో మాత్రం రాజీ కుదరదు. లాకుల దగ్గర ఈతకు దిగి సుడిలో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. కమ్మీలు, లైఫ్ జాకెట్లు, కాపలా మనిషి లేకుండా ఏ లాకునూ సందర్శనకు తెరవకూడదు. అలా తెరిచిన చోట నీటి లాగుడు ఎంత ప్రమాదమో పిల్లలకు చూపించి చెప్పే అవకాశమూ దొరుకుతుంది, ఉత్త హెచ్చరిక బోర్డు ఆ పని చేయలేదు.

ఇందులో ఒక చిక్కుంది. వేసవిలో పిల్లలకు సెలవులు వచ్చే సమయానికే మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కాబట్టి పడవ నడిచే లాకును దసరా, సంక్రాంతి సెలవుల్లోనే చూపించడం వీలవుతుంది. అయితే నీళ్లు లేని లాకుకు దాని ఉపయోగం దానికుంది. తొట్టి ఎండి ఉన్నప్పుడు మెట్లు దిగి అడుగుదాకా వెళ్లి, తలుపు ఆనే గడప, షట్టర్ల గూళ్లు, పునాది రాళ్లు తాకి చూడవచ్చు. మే 15న కాటన్ జయంతి కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. ఏటా ఆ రోజు అధికారులు, ప్రజాప్రతినిధులు ధవళేశ్వరం వచ్చి ఆయన విగ్రహానికి పూలదండలు వేస్తారు. వచ్చే జయంతికి ఇంజనీర్లే దగ్గరుండి, ఎండిన లాకు ఒకదాన్ని శుభ్రం చేయించి, ఆ ఒక్కరోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా బడిపిల్లల కోసం తెరిచి ఉంచాలని కోరుతున్నాను. దానికి కొత్త జీవో గానీ, ప్రత్యేక నిధులు గానీ అక్కరలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొవ్వూరు.