మా అమ్మాయికి తిన్నది వంటబట్టేలా చేసినవారికి దండాలు

మా అమ్మాయికి పదమూడేళ్లు. కాళ్లు లాగేస్తున్నాయని రెండేళ్లపాటు రాత్రుళ్లు ఏడ్చింది. రోజూ క్యాల్షియం మాత్ర, వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి. ఎన్నిసార్లు రక్తపరీక్ష చేయించినా రెండూ అట్టడుగునే. ఒకరోజు బడిలో పరీక్ష రాస్తుంటే వేళ్లు కొంకర్లు పోయి కలం జారిపోయిందట.

మొదటి దండం మా వీధి మందుల దుకాణం పెద్దాయనకు. మాత్రలు పొట్లం కడుతూ ఆగి, "అమ్మా, రెండేళ్లుగా ఇవే తీసుకెళ్తున్నారు. పాపకు వంటబట్టడం లేదేమో, పేగుల డాక్టరుకు చూపించండి" అన్నారు. అమ్ముకునే మనిషి ఆ మాట అననక్కరలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి సీలియాక్ వ్యాధి అని తేల్చారు. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగు లోపలి ఆంత్రచూషకాలు, అంటే తిన్నదాని సారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటివి, అరిగి చదునైపోతాయట. క్యాల్షియాన్ని ఎక్కువ చురుగ్గా పీల్చుకునేది పేగు మొదటి భాగమే, దెబ్బ తగిలేదీ ముఖ్యంగా అక్కడే. పీల్చుకోవడానికి తోడ్పడే విటమిన్ డి కూడా సరిగా అందదు. రక్తంలో లోటు పడితే శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. పాల చక్కెరను అరిగించే ఎంజైమూ ఆ చూషకాల మీదే ఉంటుంది కనుక కొన్నాళ్లు పాలు మాన్పించారు. బలానికని బలవంతంగా పట్టిన ఆ పాలతోనే పాప కడుపు ఉబ్బేదని తెలిసి నేను చాలా బాధపడ్డాను.

అన్నం తినే ఇంట్లో ఇదెలా వచ్చిందని అనుకున్నాను. కానీ పొద్దున ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ! గోధుమ మానేశాక కూడా పాపకు నలత తగ్గలేదు. అప్పుడు పై అంతస్తులోని పంజాబీ అక్క వచ్చింది. వాళ్లబ్బాయికీ ఇదే జబ్బు. మా వంటింట్లో కింద కూర్చుని డబ్బాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది: గోధుమ పిండి. రోజూ సాంబారులో నా చేత్తో వేసిందే! అక్కా, ఆ పూట నువ్వు రాకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఏడాది గడిచింది. రాగిజావ, జొన్నరొట్టె, అన్నం, అవే మాత్రలు. విటమిన్ డి 9 నుంచి 34కు వచ్చింది. మొన్న కొత్త చీటీ చూపిస్తే పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఈసారి సగమే చాలన్నారమ్మా" అంటూ నవ్వారు. మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.