ఇల్లు కూల్చకండి, విప్పనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను కొల్లాపూర్ దగ్గరి ఒక పల్లెలో వడ్రంగిని. వయసు అరవై దాటింది. రిజర్వాయర్ల కింద పోయే ఊళ్ల గురించి మీ పత్రికలో వార్త వస్తే కత్తిరించి దాచుకుంటాను. ఎకరానికి ఎంత ఇచ్చారు, ఇంటికి ఎంత కట్టారు, ఎవరికి ఇంకా రాలేదు అని రాస్తున్నారు. అవన్నీ రాయాల్సినవే. కానీ ఆ ఇళ్లల్లోని కట్టె ఏమైంది, దాన్ని కొత్త జాగాకు తీసుకుపోయే వీలు ఆ మనుషులకు దొరికిందా అని ఎవరూ అడగడం లేదు. నా చేతిపని అదే కాబట్టి నేను అడుగుతున్నాను.

మా పనిలో ఇల్లు కూల్చడం వేరు, విప్పడం వేరు. కట్టె కప్పు మీద మన్ను పోసిన మా పాలమూరు పాత మిద్దె చాలావరకు విప్పడానికి వీలైన ఇల్లే. ముందు పైనున్న చవుడు మన్ను గీకి దించాలి. ఆ తర్వాత చెక్కలు, వాటిని మోసే దంతెలు (సన్న వాసాలు), దూలాలు, అన్నిటికన్నా చివర స్తంభాలు. దూలం స్తంభం మీద కూర్చునే చోట మేకు ఉండదు. స్తంభం తలకు చెక్కిన నాలుక దూలం కింది బెజ్జంలో ఇమిడి ఉంటుంది. కింద ఇద్దరు ఊతకర్ర పెట్టి పట్టుకుంటే, ఒకరు చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ లేపితే, ఎనభై ఏళ్ల కిందటి అతుకు చీలకుండా ఊడి వస్తుంది. నల్లమల టేకు అయితే లోపల చేవ ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఈ రోజు కొందామన్నా అట్లాంటి కట్టె దొరకదు.

దించే ముందు ప్రతి కట్టెకూ గుర్తు పెట్టాలి. మా నాయన రంగు వాడనిచ్చేవాడు కాదు, మోసేటప్పుడు చెరిగిపోతుందని. ఉలితోనే గాట్లు పెట్టించేవాడు. తూర్పు వరసకు ఒక గాటు, పడమటి వరసకు రెండు, లెక్కకు పక్కన చిన్న చుక్కలు. ఆ గుర్తులుంటే కొత్త జాగాలో ఏది ఎక్కడ కూర్చోవాలో చదువు రాని మనిషి కూడా చెప్పగలడు. గోడ మాత్రం వెంట రాదు. అయినా మట్టిగోడ మన్ను తడిపి తొక్కితే మళ్లీ గోడకు పనికొస్తుంది, రాయి ఎట్లాగూ వస్తుంది. స్లాబు ఇళ్లను జాకీల మీద లేపి జరుపుతున్నారని వింటున్నాం. ఊరు దాటి మైళ్ల దూరం పోవాల్సిన వాళ్లకు అది కుదిరే పని కాదు.

ఇదంతా నేను నేర్చుకున్నది 1981 ఎండాకాలంలో. శ్రీశైలం ప్రాజెక్టు కింద మా పాత ఊరు పోయిన ఏడు అది. నాకు పద్దెనిమిదేళ్లు. ఆ రెండు నెలల్లో నాయనా నేనూ తొమ్మిది ఇళ్లు విప్పాం. ఇంకెన్నో ఇళ్లవాళ్లు నాయన కాళ్లావేళ్లా పడ్డారు కానీ మాకు చేతులు చాలలేదు, దినాలు చాలలేదు. ఎడ్లబండ్ల మీద దూలాలు పోతుంటే వెనక ఆడవాళ్లు ఏడ్చుకుంటూ నడిచారు. ఆ తొమ్మిదింటిలో నాలుగు ఇళ్లు మా కొత్త ఊళ్లో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కృష్ణలో నీళ్లు తగ్గిన ఎండాకాలం పాత ఊరి పునాదులు బయటపడితే, మిగతా ఇళ్లు ఎక్కడెక్కడ ఉండేవో మా ఈడువాళ్లం చూపించుకుంటాం.

అదే ప్రాజెక్టు కింద కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి కూడా మునగాల్సిందే. దాన్ని రాయి రాయికీ లెక్క రాసుకుని విప్పి, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మా పక్కనే జటప్రోలు గుళ్లనూ అట్లాగే తరలించారు. చాలా మంచి పని చేశారు, నేను పోయినప్పుడల్లా ఆ రాతి అతుకులను చేత్తో తడిమి చూసి దండం పెట్టుకుంటాను. గుడికి చూపిన ఆ ఓపికలో కొంచెం మనుషుల ఇళ్లకు కూడా చూపాలని అడుగుతున్నాను.

పోయిన ఏడాది జడ్చర్ల వైపు ముంపు ఊరి నుంచి నాకు పిలుపు వచ్చింది. ఆరు అంకణాల (దూలాల నడిమి గదుల) ఇల్లు, పన్నెండు స్తంభాలు. ఇంట్లో పెద్దామె ఒక్కతే ఉంది. నన్ను చూడగానే, "కొడుకా, కూలగొట్టుడు గాదు, మంచిగ ఇప్పాలె. మా అత్త ఈ దర్వాజ కింద నవధాన్యాలు పోసి నిలబెట్టింది" అన్నది. ఐదుగురం మనుషులతో పదకొండు దినాల పని అని లెక్క చెప్పాను. ఖాళీ చేయడానికి వాళ్లకు మిగిలింది నాలుగు దినాలే. రాత్రి లైట్లు పెట్టుకుని చేశాం. నాలుగో దినం సాయంత్రం జేసీబీ వచ్చింది. అప్పటికి మాకు దక్కినవి పన్నెండు స్తంభాల్లో మూడు, ఒక దర్వాజ, కొన్ని దంతెలు. యంత్రం పక్క నుంచి నెట్టేసరికి దూలాలు మెలిపడి నిలువునా చీలిపోయాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది.

నాలుగు దినాల్లో దించినా, వాటిని పెట్టుకోవడానికి ఆమెకు జాగా లేదు. కొత్త కాలనీలో ప్లాటు హద్దులు ఇంకా వేయలేదు. ఇంటికి విలువ కట్టినప్పుడు కూడా పాత మట్టి ఇల్లని కొలతలు రాసుకుని పోయారట. అది టేకా, వేపా, ఎన్ని స్తంభాలు అని అడిగినవాళ్లు లేరు.

2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో, ఇల్లు కోల్పోయి కదిలే కుటుంబానికి యాభై వేల రూపాయలు రవాణా ఖర్చు ఇవ్వాలని ఉంది. మనుషులు, సామాన్లు, పశువులతో పాటు ఇంటి కట్టుబడి సామాను తరలించడానికి కూడా అని అందులో రాసే ఉంది. అంటే ఇల్లు వెంట తీసుకుపోతారని చట్టం రాసినవాళ్లకు తెలుసు. సాగునీటి ప్రాజెక్టు అయితే భూములు మునిగే ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ ఆరు నెలలు నిజంగా చేతికి అందితే నాలాంటివాళ్లు ఒక్కొక్కరు ఎన్ని ఇళ్లు విప్పగలరు! యాభై వేలు ఇప్పుడు చాలవు. కూలి, ట్రాక్టర్ కిరాయి కలిపితే ఆరు అంకణాల ఇంటికే అది దాటిపోతుంది. అయినా ఆ డబ్బు జేసీబీ రాకముందే చేతిలో పడితే ఎంతో పని జరుగుతుంది.

అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి: ముందు ప్లాటు చూపించండి, ఆ తర్వాతే ఇల్లు ఖాళీ చేయమనండి. సంక్రాంతికి చెప్పి మృగశిర దాకా గడువు ఇవ్వండి, వానల్లో మిద్దె విప్పితే కట్టె తడిసి పాడవుతుంది. ఇంటి విలువ కట్టేటప్పుడు ఇంజనీరు వెంట ఒక వడ్రంగిని తీసుకుపోండి. ఈ పని తెలిసిన చేతులు మా జిల్లాల్లో తక్కువే మిగిలాయి. పది మంది పిల్లలను నాకు అప్పజెప్తే నేర్పిస్తాను.

ఆ పెద్దామె దర్వాజ, మూడు స్తంభాలు జడ్చర్లలో ఆమె బిడ్డ ఇంటి వెనక తాటిపత్రి కప్పి ఉన్నాయి. రెండు నెలలకొకసారి పోయి చెదలు పట్టాయేమోనని చూసి, నూనె రాసి వస్తున్నాను. ప్లాటు చేతికి వచ్చిన దినం ఫోన్ చేయమని చెప్పాను. ఆ దర్వాజ నిలబెట్టడానికి నేను కూలి తీసుకోను.

ఇట్లు,
ఒక వడ్రంగి,
కొల్లాపూర్ ప్రాంతం, నాగర్‌కర్నూల్ జిల్లా