సేవ్ అయిందని చెప్పి సేవ్ చెయ్యని మీ కాలిబ్రేషన్ టూల్ మీద ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ టీమ్‌కి,

నమస్తే అండి. మీ దగ్గర రెండు కెమెరా మాడ్యూల్స్ కొన్నాం, వాటితో వచ్చే రోబోటిక్స్ సాఫ్ట్‌వేరే వాడుతున్నాం. రోబో చెయ్యి సరైన చోట పట్టుకోవాలంటే ముందు కెమెరాని కాలిబ్రేట్ చెయ్యాలి, అంటే లెన్స్ నంబర్లు లెక్కగట్టి ఫైల్‌లో దాచాలి. ఇప్పటికి మూడుసార్లు టికెట్ పెట్టా, మూడుసార్లూ "దయచేసి మళ్ళీ కాలిబ్రేట్ చేయండి" అని ఒకటే ముక్క పెట్టి క్లోజ్ చేసేశారు. మళ్ళీ చెయ్యడం చేతకాక కాదండి నేను రాసేది, చేసింది నిలవట్లేదు, అదీ నా గొడవ. ఈసారి ఉన్నదంతా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదివి ఇంజినీరింగ్ వాళ్ళకి పంపండి.

నేను కాలిబ్రేషన్ ఏదో మొక్కుబడిగా చేసే రకం కాదు. 9x7 గళ్ళ చెస్‌బోర్డ్ ప్రింట్ తీసి, వంకర లేకుండా అద్దం మీద అతికించి, గడి 25 మిల్లీమీటర్లు ఉండాలి కదా అని స్కేల్ పెట్టి కొలిస్తే ప్రింటర్ కొంచెం కుదించేసింది, 24.6 వచ్చింది, సరే అదే టూల్‌లో ఎంటర్ చేశా. (గడి సైజు తప్పిచ్చినా, లెన్స్ ఎంత పెద్దగా చూపిస్తుందో చెప్పే ఫోకల్ లెంగ్త్ మారదు గానీ రెండు కెమెరాల మధ్య దూరం తప్పు లెక్కేస్తుంది, ఆ బాధ ఇంతకుముందు పడ్డాను లెండి.) లోపలి మూలలు 8x6 అని ఇచ్చి, బోర్డ్ పట్టుకుని ఎడమకి కుడికి పైకి కిందకి, దగ్గరగా దూరంగా, ఏటవాలుగా తిప్పి తిప్పి, స్క్రీన్ మీది నాలుగు బార్లూ ఆకుపచ్చ అయ్యేదాకా చేతులు లాగేశాయి. ఆటోఫోకస్ కూడా ముందే ఆపేశా, ఫోకస్ కదిలితే చేసిన కాలిబ్రేషన్ పనికిరాదు కాబట్టి. చివరికి రీప్రొజెక్షన్ ఎర్రర్, అంటే లెక్కలో వచ్చిన మూలకీ ఫొటోలో కనపడ్డ మూలకీ మధ్య తేడా, 0.21 పిక్సెల్ వచ్చింది. సంతోషంగా సేవ్ నొక్కా. పచ్చటి టిక్ మార్క్, "విజయవంతంగా సేవ్ అయింది".

రాత్రి సిస్టమ్ ఆపేసి వెళ్ళా, పొద్దున వచ్చి ఆన్ చేశా. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, అన్నీ మామూలుగానే స్టార్ట్ అయ్యాయి. కానీ రోబో చెయ్యి ట్రే మధ్యలో ఉన్న పార్ట్‌లని చక్కగా తీస్తోంది, అంచుల దగ్గరున్నవాటిని మాత్రం ఆరేడు మిల్లీమీటర్లు పక్కకి వెళ్ళి పట్టుకోబోయి వదిలేస్తోంది. గ్రిప్పర్ లూజైందేమో అని బిగించాం, చెయ్యి బేస్ కదిలిందేమో అని చూశాం, కెమెరా, రోబో చెయ్యి ఒకదానికొకటి ఎక్కడున్నాయో తేల్చే హ్యాండ్-ఐ కాలిబ్రేషన్ మొత్తం మళ్ళీ చేశాం. రెండు రోజులు పోయాయి. రెండో రోజు సాయంత్రం విసుగొచ్చి, వాడుతున్న లెన్స్ నంబర్లు చూపించే కెమెరా ఇన్ఫో టాపిక్ తెరిచి చూస్తే ఏముంది, ఫోకల్ లెంగ్త్ సరిగ్గా 900, సెంటర్ 640, 360, డిస్టార్షన్ (లెన్స్ వల్ల ఫొటోలో వచ్చే వంపు) నంబర్లు ఐదుకి ఐదూ సున్నాలు. ఏ లెన్సూ ఇంత ముచ్చటైన రౌండ్ నంబర్లు ఇవ్వదండి. నాకు కాలిబ్రేషన్‌లో వచ్చింది 931. 600 మిల్లీమీటర్ల దూరంలో, సెంటర్ నుంచి 300 పిక్సెల్స్ పక్కనున్న పార్ట్‌కి 931తో లెక్కేస్తే 193 మిల్లీమీటర్లు, 900తో అయితే 200. ఆ ఏడు మిల్లీమీటర్ల కోసం రెండు రోజులు గ్రిప్పర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాం.

అసలు సంగతేంటంటే మీ సేవ్ బటన్ ఆ ఫైల్‌ని టెంప్ ఫోల్డర్‌లో పెడుతోంది, అది మా మెషిన్‌లో రీస్టార్ట్ చేస్తే ఖాళీ అయిపోతుంది. రోబోలకి అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆర్ఓఎస్‌లో ఎప్పట్నుంచో ఉన్న కాలిబ్రేటర్ కూడా సేవ్ నొక్కితే టెంప్‌లోనే రాస్తుంది, కాదనను, కానీ ఎక్కడ రాసిందో టెర్మినల్‌లో పాత్‌తో సహా చెప్తుంది, కెమెరాకి శాశ్వతంగా ఎక్కించడానికి కమిట్ అని వేరే బటన్ ఇస్తుంది. మీ దాంట్లో పాత్ లేదు, కమిట్ లేదు, ఉన్నదల్లా ఆ టిక్ మార్కే. పోనీ ఫైల్ దొరకనప్పుడైనా అరవాలి కదా, అబ్బే, ఎవరికీ కనపడని డీబగ్ లాగ్‌లో ఒక్క లైన్ రాసుకుని డిఫాల్ట్ నంబర్లతో నడిపేస్తుంది. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఫైల్ పోవడం పొరపాటు అనుకోవచ్చు, పోయిందని చెప్పకుండా దొంగ నంబర్లు పెట్టి నడిపించడాన్ని ఏమనాలి?

సరేలే అని మళ్ళీ చేసి ఈసారి ఫైల్‌ని నేనే చేత్తో హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నా. అక్కడితో ఆగితే బాగుండు. మీ సాఫ్ట్‌వేర్ కెమెరాలకి పేర్లు సీరియల్ నంబర్ చూసి పెట్టదు, యూఎస్‌బీలో ఏది ముందు దొరికితే అది కెమెరా 0, తర్వాతది కెమెరా 1. ఒకరోజు బూట్‌లో వరస మారింది, ఎడమ కెమెరాకి కుడిదాని కాలిబ్రేషన్ ఎక్కింది. రెండూ ఒకే మోడల్ కాబట్టి నంబర్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి, చూడగానే పట్టుకోలేం, డెప్త్ (వస్తువు ఎంత దూరంలో ఉందనే లెక్క) మాత్రం వంకరగా వస్తోంది. సీరియల్ నంబర్ మాడ్యూల్ వెనక స్టిక్కర్ మీద మీరే కదండీ ముద్రించారు, సాఫ్ట్‌వేర్‌కి దాన్ని చదవడం రాదా?

ఇంకోటి. 1280x720లో కాలిబ్రేట్ చేసి, సీపీయూ మీద భారం తగ్గుతుందని 640x360కి మార్చా. మీ సాఫ్ట్‌వేర్ అదే 931ని అలాగే వాడేసింది. ఫొటో సగానికి కుదిస్తే ఫోకల్ లెంగ్త్ కూడా సగం అవ్వాలి, సెంటర్ కూడా సగం అవ్వాలి. సెన్సర్ కుదించకుండా క్రాప్ చేస్తే మళ్ళీ లెక్క వేరు, ఒప్పుకుంటా, అందుకే అన్నీ ఆటోమేటిక్‌గా సర్దమని అడగట్లేదు. ఫైల్‌లోనే వెడల్పు, ఎత్తు రాసి ఉన్నాయి, ఇప్పుడొస్తున్న ఫ్రేమ్‌తో కలవకపోతే ఆపి చెప్పండి చాలు.

కష్టమైన లెక్కంతా ఎప్పుడో అయిపోయిందండి. చదునైన బోర్డ్‌ని నాలుగైదు కోణాల్లో చూపిస్తే చాలు కెమెరా లెక్క తేల్చొచ్చని పరిశోధకుడు జాంగ్ గారు 2000లోనే పేపర్ రాసేశారు, ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో అది ఉచితంగా దొరుకుతోంది. మీ వంతు మిగిలింది ఫోకల్ లెంగ్త్‌వి రెండు, సెంటర్‌వి రెండు, డిస్టార్షన్‌వి ఐదు, మొత్తం తొమ్మిది నంబర్లు. వాటిని ఒక యామెల్ ఫైల్లో (మామూలు టెక్స్ట్ ఫైలే) పెట్టి మర్నాడు అదే కెమెరాకి తెరవడం. దానికి మూడు టికెట్లు పట్టాయి, ఇంకా కాలేదు.

నేను అడిగేది ఇదీ. సేవ్ అంటే రీస్టార్ట్ అయినా ఉండే చోట రాయాలి, ఎక్కడ రాసిందో స్క్రీన్ మీద చూపించాలి. ఫైల్ పేరులో సీరియల్ నంబర్, లోపల తేదీ, రిజల్యూషన్, వచ్చిన ఎర్రర్ ఉండాలి. పాత ఫైల్ మీద రాసేముందు ఒక మాట అడగాలి. ఫైల్ లేకపోతే రోబో స్టార్ట్ అవ్వకూడదు, డిఫాల్ట్‌లతోనే నడపాలనుకునేవాళ్ళుంటే వాళ్ళే సెట్టింగ్‌లో ఆన్ చేసుకుంటారు. ఈలోపు కనీసం మాన్యువల్‌లో ఫైల్‌ని ఎక్కడికి కాపీ చేసుకోవాలో ఒక పేరా రాయండి, ఇప్పుడు దాంట్లో ఉన్నది "సేవ్ నొక్కండి" అన్న రెండు పదాలే.

15 రోజుల్లో మనిషి రాసిన జవాబు కావాలి, టెంప్లేట్ వద్దు. ఎప్పట్లోగా సరిచేస్తారో తేదీ చెప్పలేకపోతే రెండు మాడ్యూల్సూ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయండి. లాగ్‌లు, కాలిబ్రేషన్ ఫైళ్ళు, ఆ సున్నాలున్న స్క్రీన్‌షాట్ అటాచ్ చేశా. ఫైళ్ళు తెరిచాక దయచేసి ఇంకో చోట కూడా సేవ్ చేసుకోండి, మీ టూల్‌తో మాత్రం కాదు.

ఇట్లు,
మీ కస్టమర్