జుట్టు రంగు గురించి చేసిన ఫిర్యాదును వినకుండానే మూడుసార్లు మూసేసిన కంపెనీకి లేఖ

గుంటూరు,
మార్చి 24.

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ 3వ నంబరు ముదురు గోధుమ జుట్టు రంగుపై చేసిన ఫిర్యాదును పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

ఫిబ్రవరి 11న మీ కంపెనీకి మొదటిసారి ఫోను చేశాను. అప్పటినుంచి దాదాపు ఆరు వారాల్లో పదకొండు సార్లు ఫోనులో మాట్లాడాను, నాలుగు ఈమెయిళ్లు పంపాను, అడిగినప్పుడల్లా ఫొటోలు తీసి పంపాను. ఇంత చేసినా నా ఫిర్యాదు ఏమిటో మీ కంపెనీలో ఒక్కరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు. రంగు తేడా వచ్చిన సంగతి అయితే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నే. ఇన్ని రోజులు నా మాట వినకుండా తిప్పించుకున్న తీరు మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

నేను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా వయసు 32. ఇరవై మూడో ఏటనే నా కుడి కణత దగ్గర మొదటి తెల్ల వెంట్రుకలు వచ్చాయి. మా నాన్నగారికీ ఆ వయసులోనే తల నెరవడం మొదలైందట. మనవాళ్లలో పాతికేళ్ల లోపు నెరిస్తే దాన్ని బాలనెరుపు కింద లెక్కిస్తారని డాక్టరు గారు చెప్పి, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి, లోపాలేమీ లేవు, ఇది వంశపారంపర్యంగా వచ్చిందేనని తేల్చారు. వెంట్రుక కుదుళ్లలో రంగునిచ్చే కణాలు మెలనిన్ తయారుచేయడం మానేశాక వెంట్రుక తెల్లగానే పెరుగుతుంది కనుక, నాబోటి వాళ్లకు దాన్ని కప్పుకోవడమో, అలాగే వదిలేయడమో తప్ప వేరే దారి లేదు. నేను కప్పుకుందామనుకున్నాను, అయితే రంగు వేసుకున్నట్టు ఎవరికీ తెలియకుండా.

అందుకే 2018 నుంచి మీ రంగు వాడుతున్నాను. మన జుట్టు నల్లనిదని అంటాం గానీ, ఎండలో నిలబడి చూస్తే అందులో ముదురు గోధుమ ఛాయ ఉంటుంది. దాని పక్కన కారునలుపు రంగు పడితే అతికించినట్టు కనిపిస్తుంది. మీ 3వ నంబరులో ఆ ఇబ్బంది ఉండేది కాదు. పాత టూత్ బ్రష్షుతో పాపిట దగ్గర, కణతల దగ్గర ఉన్న తెల్ల వెంట్రుకలకు మాత్రమే పట్టించి, ఇరవై నిమిషాలు ఆగి కడిగేసేదాన్ని. రెండు మూడు వెంట్రుకలను కావాలనే వదిలేసేదాన్ని. తలస్నానం చేసినప్పుడల్లా రంగు కాస్త కాస్త వెలిసేది కనుక, నెలకు సెంటీమీటరు చొప్పున జుట్టు పెరుగుతున్నా పాపిట వెంట తెల్ల గీత బయటపడేది కాదు. ఈ పద్ధతి మా అక్కకు నేర్పాను. మా స్టాఫ్ రూములో నలుగురికి నేర్పాను. వాళ్లందరూ నా మాట మీద మీ ప్యాకెట్టే కొనేవారు. బ్రాడీపేటలో నేను ఎప్పుడూ కొనే దుకాణంలో నన్ను చూడగానే అడగకుండానే ఆ ప్యాకెట్టు తీసి పెట్టేవారు.

ఈసారి ఆ దుకాణంలో సరుకు లేకపోవడంతో మీ సొంత వెబ్‌సైటులో తెప్పించుకున్నాను. అట్ట మీద అదే బొమ్మ, అదే నంబరు. ఎప్పటిలాగే 48 గంటల ముందు చెవి వెనక కొద్దిగా రాసి పరీక్షించుకొని, మా మేనకోడలి ఓణీల ఫంక్షనుకు ముందురోజు వేసుకున్నాను. ఆరిన తర్వాత కిటికీ వెలుతురులో చూసుకుంటే కణతల దగ్గర కాటుక గీసినట్టు నల్లటి చారలు. మర్నాడు ఫంక్షనులో మా పెద్దమ్మ మసి అంటిందనుకొని, అందరి ముందూ తన కొంగుతో నా కణత తుడవబోయారు. కుంకుడుకాయ రసంతో ఆరుసార్లు తలంటుకున్నా ఆ నలుపు వదలలేదు. సరుకు గురించి నేను చెప్పవలసింది ఇంతే.

ఇక మీవాళ్లు నన్ను తిప్పిన తీరు చెబుతాను. మొదటిరోజు తెలుగు కోసం ఏ అంకె నొక్కమంటే ఆ అంకె నొక్కాను. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒకరు హిందీలో మాట్లాడి, మరొకరికి కలిపారు. ఆ అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది కానీ, నేను రెండు వాక్యాలు చెప్పకముందే తన ప్రశ్నలు మొదలుపెట్టింది. దురదా, గడువు దాటిందా, సీలు ఊడిందా, బరువు తగ్గిందా అని అడిగింది. ఇవేవీ కావమ్మా, రంగు మారింది అన్నాను. రంగు మారడం అనేది తన జాబితాలో లేదని, ఏదో ఒకటి ఎంచుకోకపోతే టికెట్, అంటే ఫిర్యాదు నమోదు, తయారు కాదని చెప్పి, నేను వద్దంటున్నా దురద అని రాసుకుంది.

మూడు రోజుల తర్వాత మీ వైద్య విభాగం నుంచి ఒకాయన ఫోను చేసి, దురద ఎలా ఉంది, డాక్టరు సర్టిఫికెట్ పంపించండి అన్నారు. నాకు దురద లేదని, రానే లేదని, నా బాధ వేరని చెప్పాను. వెంటనే ఆయన, దురద లేదంటున్నారు కనుక మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేస్తున్నాను అని ఫోను పెట్టేశారు. ఆ వెంటనే మీ సేవ ఎలా ఉందో చెప్పి నక్షత్రాలు ఇవ్వమని నాకు మెసేజ్ వచ్చింది. ఆ పూట నా గదిలో కూర్చొని ఏడ్చానంటే మీరు నమ్ముతారో లేదో నాకు తెలియదు.

రెండోసారి టికెట్ పెడితే, కొన్న దుకాణంలో మార్చుకోండి అన్నారు. మీ వెబ్‌సైటులోనే కొన్నానని ఆర్డరు నంబరు చదివి వినిపించాను. అయినా దుకాణానికే వెళ్లమన్నారు. బ్రాడీపేట దుకాణదారు నా దగ్గర ఒక్క రూపాయి లాభం లేకపోయినా, విజయవాడలోని మీ డిస్ట్రిబ్యూటరుకు స్వయంగా ఫోను చేశారు. ఆన్‌లైను సరుకుతో మాకు సంబంధం లేదని అవతలివాళ్లు చెప్పారు. అదే సాయంత్రం ఆ టికెట్ కూడా మూసేశారు. మీ కంపెనీలో ఎవరూ చేయని పని ఆ దుకాణదారు చేశారు.

మూడోసారి మాట్లాడిన వ్యక్తి, నలుపు వస్తే మంచిదే కదా మేడమ్, అందరూ నలుపే అడుగుతారు అన్నారు. అంతగా ఇష్టం లేకపోతే గోరింటాకు పెట్టుకోమని సలహా ఇచ్చారు. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్ల వెంట్రుకలు రాగి తీగల్లా తయారవుతాయని, ఆ తర్వాత నీలి ఆకు పొడి పెడితే తప్ప నలుపు ఛాయ రాదని జుట్టు రంగులు అమ్మే కంపెనీ ఉద్యోగికి నేను చెప్పవలసి వచ్చింది. ఆయన విని, ఓకే మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా అన్నారు. ఆ టికెట్ కూడా పరిష్కారమైనట్టే నమోదైంది.

ఈమెయిళ్లకు వచ్చిన జవాబులన్నిటిలో నన్ను సర్ అనే సంబోధించారు. మొదటి జవాబులో ప్యాకెట్టు ఫొటో అడిగారు, పంపాను. రెండోదానిలో మళ్లీ అదే ఫొటో అడిగారు, పంపాను. మూడోదానిలో ప్యాకెట్టు విప్పుతున్నప్పటి వీడియో కావాలన్నారు. ఇంట్లో జుట్టు రంగు ప్యాకెట్టు విప్పుతూ ఎవరు వీడియో తీసుకుంటారండీ? నాలుగోదానికి జవాబుగా అదే రంగు మళ్లీ కొనుక్కోవడానికి పదిహేను శాతం తగ్గింపు కూపను పంపారు.

ఈ పదకొండు ఫోన్లలో ఒక్క కుర్రవాడు మాత్రం మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నాడు. మీరు చెప్పింది అర్థమైంది మేడమ్, కానీ ఇది రాయడానికి నా స్క్రీనులో చోటు లేదు అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఆ స్క్రీనును అలా తయారు చేయించిన వారి మీదే నా కోపం.

నా దగ్గర నిరుటి ఖాళీ ప్యాకెట్టు ఒకటి మిగిలింది. దాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే వెనక ఉన్న పదార్థాల జాబితాలు ఒకటి కావు. పాతదానిలో లేని పారా ఫినిలీన్ డయామిన్ అనే రంగు రసాయనం కొత్తదానిలో ఉంది. కొందరికి ఇది చర్మానికి పడదు కనుక, ఇది ఉన్న రంగుల మీద హెచ్చరికను ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లోనూ ముద్రించాలన్న నిబంధన మన దేశంలో ఉంది. కొత్త ప్యాకెట్టు మీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. నాకు దురద రాలేదు సరే, నా మాట నమ్మి ఇదే కొనే మా అక్కకు వస్తే? రంగు తయారీ మార్చినప్పుడు పాత నంబరుతో, పాత బొమ్మతో ఎందుకు అమ్ముతున్నారో, మునుపటి రంగు ఇక దొరుకుతుందో లేదో, ఒక మనిషి తన పేరు, హోదా రాసి సంతకం చేసి నాకు ఉత్తరం రాయాలి. ప్యాకెట్టు డబ్బు వాపసు ఇస్తారో లేదో మీ ఇష్టం. కూపను మాత్రం పంపవద్దు.

ఆన్‌లైనులో అమ్మే సంస్థ ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలియజేసి, నెల లోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆ నెల ఎప్పుడో దాటిపోయింది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తెమలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. అప్పుడు సమాధానం చెప్పడానికి మీరే గుంటూరు రావలసి ఉంటుంది. రెండు ప్యాకెట్లు, మీరు పంపిన మెసేజ్‌లు, నేను ఫోను చేసిన తేదీలు, సమయాలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నాతో పాటు మీ రంగు వాడిన నలుగురు అధ్యాపకులు సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లు ఇప్పటికే మీ రంగు కొనడం మానేశారు.

మూసేసిన మూడు టికెట్ల నంబర్లు, రెండు ప్యాకెట్ల ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. నా ఫోను నంబరు మీ దగ్గరే ఉంది. ఈసారి ఫోను చేసేవారు ముందుగా ఈ లేఖ చదివి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
2018 నుంచి మీ రంగు వాడుతున్న వినియోగదారు,
బ్రాడీపేట, గుంటూరు.